హైడ్రా తలల నుంచి బైరన్ ఎలుగుబంటి దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీకు పురాణగాథలు, రచయితల జీవితాలు, జంతువుల అలవాట్ల గురించి మనకు తెలిసినవాటిలో చాలా భాగం కర్ణాకర్ణిగా చేరినదే. ఎవరో చెప్పగా విన్నది మరొకరికి చెప్పేటప్పుడు కథ కాస్త నునుపుదేరుతుంది, ఇబ్బంది పెట్టే వివరాలు రాలిపోతాయి. మూలగ్రంథాన్ని తెరిచి చూసినప్పుడో, ఆ జీవిని దగ్గర నుంచి గమనించినప్పుడో, ప్రచారంలో ఉన్న కథకంటే అసలు సంగతే వింతగా కనిపించడం తరచూ జరుగుతుంది. అటువంటి సంగతులపై పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

పాండోరా తెరిచింది పెట్టెనా?

కాదు, కాగు. గ్రీకు పురాణంలో పాండోరా దాని మూత తీయగానే లోకంలోని కష్టాలన్నీ బయటపడ్డాయంటారు. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియోడ్ ఈ సందర్భంలో వాడిన మాట పిథోస్. అది ధాన్యం, నూనె, ద్రాక్షసారా నిలవచేసుకునే పెద్ద మట్టి కాగు; వాటిలో మనిషి ఎత్తున ఉండేవీ, సగం దాకా నేలలో పాతిపెట్టేవీ కూడా ఉండేవి. బొమ్మల్లో చూపించినట్లు దాన్ని ఒడిలో పెట్టుకుని మూత తీయడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. 16వ శతాబ్దంలో డచ్ పండితుడు ఇరాస్మస్ ఈ కథను లాటిన్‌లో తిరిగి చెబుతూ పిథోస్‌కు బదులు పిక్సిస్ అని రాశాడు. పిక్సిస్ అంటే నగలో లేపనాలో దాచుకునే భరిణె. ఆ ఒక్క మాటతో ఇంటి తిండిగింజల కాగు కాస్తా అలంకారపు పెట్టె అయిపోయింది. కాగు అంచు కింద చివరికి మిగిలిపోయిన ఎల్పిస్‌ను మనం 'ఆశ' అని అనువదించుకుంటున్నాము గాని, మంచికైనా చెడుకైనా ఎదురుచూడటం అనే అర్థం కూడా ఆ గ్రీకు మాటకు ఉంది. అందువల్ల అది లోపల మిగలడం మనుషులకు మేలో కీడో అనే వాదం పండితుల మధ్య ఇంకా తెగలేదు.

ఎకిలీస్ మడమ కథ 'ఇలియడ్'లో ఏ సర్గలో ఉంది?

మడమ తప్ప ఎకిలీస్ ఒళ్లంతటికీ ఆయుధం తగలదన్న ఆ కథ ఏ సర్గలోనూ లేదు. ట్రాయ్ యుద్ధం గురించి హోమర్ చెప్పిన 'ఇలియడ్', ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. అప్పటికి ఎకిలీస్ బతికే ఉన్నాడు. పైగా హోమర్ చిత్రించిన ఎకిలీస్ శరీరానికి ఆయుధాలు తగలకుండా కాచే వరమేదీ లేదు. 21వ సర్గలో ఆస్టెరోపేయస్ అనే యోధుడు రెండు చేతులతో రెండు ఈటెలను ఒకేసారి విసురుతాడు. వాటిలో ఒకటి ఎకిలీస్ కుడి మోచేతిని గీసుకుంటూ పోగా నల్లని రక్తం చిమ్ముతుంది. తల్లి థెటిస్ పసిబిడ్డను స్టిక్స్ నదిలో ముంచిందన్న కథ మనకు దొరికేది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ కావ్యంలో. అంటే హోమర్ తరువాత ఏడెనిమిది వందల ఏళ్లకు అన్నమాట.

ట్రాయ్ కొయ్యగుర్రం సంగతి కూడా ఇంతే. అది 'ఇలియడ్'లో కనిపించదు. 'ఒడిస్సీ'లో పాత జ్ఞాపకంగా వస్తుంది, రోమన్ కవి వర్జిల్ 'ఈనియడ్' రెండవ సర్గలో విస్తారంగా నడుస్తుంది. 'ఒడిస్సీ' 4వ సర్గలోని ఒక చిన్న ఘట్టాన్ని సినిమాలవాళ్లు ఎందుకు వదిలేస్తుంటారో తెలియదు. హెలెన్ ఆ గుర్రం చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపల దాగిన గ్రీకు వీరులను వారి వారి భార్యల గొంతులను అనుకరిస్తూ పేరుపేరునా పిలుస్తుంది. ఒకడు నోరు తెరిచి పలకబోతుండగా ఒడిస్యూస్ రెండు చేతులతో అతని నోరు నొక్కిపట్టి అందరినీ కాపాడుతాడు.

ఏడు తలల హైడ్రాను లినేయస్ కళ్లారా చూశాడన్నది నిజమేనా?

నిజమే, అయితే చూసినవెంటనే అది దొంగ హైడ్రా అని తేల్చేశాడు. హైడ్రా అంటే గ్రీకు పురాణంలో తల నరికినా మళ్లీ మొలిచే అనేక తలల పాము. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన కార్ల్ లినేయస్ 1735లో, ముప్పై ఏళ్లు కూడా నిండని వయసులో, జర్మనీలోని హాంబర్గ్ నగరానికి వచ్చాడు. అప్పటికి ఆ నగర మేయర్ దగ్గర ఏడు తలల హైడ్రా కళేబరం ఒకటి ఉండేది. దాని బొమ్మ అంతకు ముందటి ఏడాదే ఆల్బర్టస్ సేబా అనే ప్రసిద్ధ సేకర్త ప్రచురించిన గ్రంథంలో అచ్చయింది కూడా. అంతమంది నమ్మిన ఆ వస్తువును లినేయస్ దగ్గరగా పరిశీలించి, ఆ దవడలూ పాదాలూ వీజెల్ అనే చిన్న మాంసాహార జంతువువని, ఒంటికి పాముచర్మాలు అంటించారని బయటపెట్టాడు. దాన్ని మంచి ధరకు అమ్ముకోవాలని చూస్తున్న మేయర్‌కు ఈ సంగతి ఎలా రుచిస్తుంది? ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ ఉలుకు తనమీదికి వచ్చేలోగా లినేయస్ ఊరు విడిచి వెళ్లిపోయాడు.

అదే సంవత్సరం వెలువడిన అతని 'సిస్టెమా నాచురే' తొలి కూర్పు డజను పుటలు మించనిది. అయినా అందులో, లోకం నమ్ముతున్నా ప్రకృతిలో లేని జీవుల కోసం అతడు ఒక విభాగాన్ని కేటాయించాడు. ఒంటికొమ్ము గుర్రం, ఫీనిక్స్ పక్షి వంటివాటి మధ్యనే హాంబర్గ్ హైడ్రా కూడా చేరింది. ఇరవై మూడేళ్ల తరువాత, 1758 నాటి పదవ కూర్పులో, హైడ్రా అనే పేరును అదే లినేయస్ నిజమైన ఒక జీవికి పెట్టాడు. ఆ జీవి సంగతి తరువాతి జవాబులో ఉంది.

తల నరికితే మళ్లీ మొలిచే జీవి నిజంగా ఉందా?

ఉంది. మంచినీటి కుంటల్లో నీటిమొక్కలను అంటిపెట్టుకుని ఉండే సెంటీమీటరు పొడవైనా మించని జీవి అది. ఒక చివర ఆధారానికి అతుక్కునే పాదం, రెండవ చివర నోరు, నోటి చుట్టూ దారపుపోగుల వంటి స్పర్శకాలు, మధ్యలో గొట్టం లాంటి ఒళ్లు, చూడటానికి అంతే. 1740లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం దగ్గర ఒక ప్రభువు ఇంట్లో పిల్లలకు చదువు చెబుతున్న అబ్రహాం ట్రెంబ్లే, కుంట నుంచి తెచ్చిన నీటిలో వీటిని చూసి, ఇవి మొక్కలో జంతువులో తేల్చుకోలేకపోయాడు. రెండుగా కోస్తే మొక్క అయితే రెండు ముక్కలూ బతుకుతాయి, జంతువైతే చస్తాయి అన్నది అతని లెక్క. కోశాడు; రెండూ బతికాయి. కాని అవి కదులుతున్నాయి, ముడుచుకుంటున్నాయి, పురుగులను పట్టి తింటున్నాయి. కాబట్టి జంతువులే. అలా అతని లెక్కే తప్పింది. జంతువును కోస్తే ఒక్కొక్క ముక్కా ఒక పూర్తి జంతువుగా ఎదగగలదని నాటి యూరప్ విద్వాంసులకు జీర్ణం కావడానికి కొంత కాలం పట్టింది.

ట్రెంబ్లే అక్కడితో ఆగలేదు. తలవైపు భాగాన్ని నిలువునా చీలుస్తూ పోయి ఒకే ఒంటికి ఏడు తలలు తెప్పించాడు. ఆ ఏడింటినీ నరికితే అవి మళ్లీ మొలిచాయి. పంది వెంట్రుకతో జీవిని లోపలి పొర బయటకు వచ్చేలా సంచీలా తిరగేసి, ఆ స్థితిలోనూ అది బతకగలదని చూపించాడు. ఈ ప్రయోగాల వివరాలతో అతని గ్రంథం 1744లో వెలువడింది. పురాణంలో హెర్క్యులిస్ మేనల్లుడో అన్నకొడుకో అయిన అయొలాస్ అనే ఒకడు నరికిన చోటల్లా నిప్పుతో కాల్చి హైడ్రా తలలు మొలవకుండా చేశాడంటారు; ఇంతకూ అయొలాస్ అన్నకొడుకూ కాదు, మేనల్లుడూ కాదు, కవల సోదరుడు ఇఫిక్లిస్ కొడుకు.

ప్రొమీథియస్ కాలేయం మళ్లీ పెరిగేదని రాసిన గ్రీకులకు వైద్యశాస్త్ర రహస్యం తెలుసా?

ఈ ఊహ ఆకర్షణీయమైనదే గాని, దీన్ని బలపరిచే గ్రీకు వైద్యగ్రంథం ఒక్కటీ లేదు. హెసియోడ్ చెప్పేది ఏమిటంటే, దేవతల రాజు జ్యూస్ కట్టేసి శిక్షించిన ప్రొమీథియస్ కాలేయం, డేగ పగలంతా తిన్నంత మేర రాత్రికి తిరిగి పెరిగేదని. ఇక్కడ ప్రొమీథియస్ మరణం లేనివాడు. అతని కాలేయాన్ని కూడా కవి మరణం లేనిదనే అంటాడు. శిక్ష రోజూ కొనసాగాలంటే అవయవం రోజూ పెరగక తప్పదు, కథకు ఆ ఏర్పాటు చాలు. వైద్యుల మాటకు వస్తే, 1931లో ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసివేసి చేసిన ప్రయోగంలో, వారం పది రోజుల్లోనే అది దాదాపు పూర్వపు బరువుకు చేరింది. తీసేసిన తమ్మెలు, అంటే కాలేయపు భాగాలు, మాత్రం మళ్లీ మొలవలేదు. మిగిలిన తమ్మెలే పెరిగి ఆ లోటును పూడ్చాయి. చాలా వ్యాసాల్లో ఈ తేడా చెప్పరు.

ఫ్రాంకెన్‌స్టైన్ అనేది ఆ రాక్షసుడి పేరేనా?

కాదు. అది ఆ ప్రాణిని తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. ఆ ప్రాణికి నవలలో పేరే లేదు. 1818లో రచయిత్రి పేరు లేకుండా వెలువడిన ఈ నవలకు మేరీ షెల్లీ పెట్టిన ఉపశీర్షిక 'ఆధునిక ప్రొమీథియస్'. మట్టితో మనుషులను మలిచాడని చెప్పే ప్రొమీథియస్ ఇక్కడ గుర్తుకు రావాలని ఆమె ఉద్దేశం. కథకు బీజం పడింది 1816 వేసవిలో, జెనీవా సరస్సు ఒడ్డున. అంతకు ముందటి ఏడాది ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలడం వల్ల ఆ వేసవి చలిగా, వానగా గడిచింది. ఇల్లు కదలలేని అతిథులు దయ్యాల కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. అప్పటికి మేరీ వయసు 18 ఏళ్లు.

సైరన్లు అంటే మత్స్యకన్యలేనా?

పాటతో నావికులను రప్పించి చంపే సైరన్లు గ్రీకుల దృష్టిలో మత్స్యకన్యలు కారు. 'ఒడిస్సీ' 12వ సర్గలో హోమర్ వారి పాటను వర్ణించాడు గాని రూపాన్ని వర్ణించలేదు. కుండల మీద బొమ్మలు వేసిన కళాకారులు మాత్రం వారిని స్త్రీముఖం గల పక్షులుగానే చిత్రించారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఒక ప్రసిద్ధ కూజా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఒడిస్యూస్ ఓడస్తంభానికి కట్టేసి ఉంటాడు, ఒక పక్షిస్త్రీ తలకిందులుగా సముద్రంలోకి పడిపోతూ కనిపిస్తుంది. రెక్కలు పోయి చేపతోక వచ్చింది మధ్యయుగాల గ్రంథాలలో.

ఆ తోకే తరువాత నావికుల కళ్లను మోసం చేసింది. 1493 జనవరిలో కొలంబస్ కరేబియన్ సముద్రంలో మూడు మత్స్యకన్యలను చూశానని, చిత్రాల్లో వేసేంత అందంగా అవి లేవని తన దినచర్యలో రాసుకున్నాడు. అతడు చూసినవి మానటీలు అనే పెద్ద నీటిజంతువులు అయి ఉండాలి. మానటీలు, డ్యూగాంగ్‌లు ఉన్న జంతువర్గానికి సైరన్ల పేరుతోనే సైరీనియా అని నామకరణం జరిగింది. పాటతో మనుషులను చంపిన వారి పేరు, గడ్డి మేస్తూ బతికే ఈ సాధుజంతువులకు వచ్చింది. నేలమీది జంతువుల్లో వీటికి దగ్గరి చుట్టాలు ఏనుగులు.

ఈ వర్గంలో అన్నిటికంటే పెద్దది ఇప్పుడు లేదు. 1741లో బేరింగ్ నాయకత్వంలోని రష్యన్ నౌక ఒక నిర్జన ద్వీపం దగ్గర చిక్కుకుపోయినప్పుడు, అందులో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త గేయర్గ్ స్టెల్లర్ తీరంలో సముద్రపు పాచి మేస్తున్న భారీ జంతువులను చూశాడు. ఎనిమిది మీటర్ల దాకా పొడవు, పళ్లకు బదులు నమలడానికి గట్టి పలకలు, వేళ్ల ఎముకలు లేని ముందుకాళ్లు. వాటిని బతికి ఉండగా చూసి శాస్త్రీయంగా వర్ణించినవాడు స్టెల్లర్ ఒక్కడే. మాంసం కోసం వేటగాళ్లు వరుసగా వచ్చి పడటంతో 1768 నాటికి, అంటే కనిపెట్టిన 27 ఏళ్లలోనే, స్టెల్లర్ సముద్రపు ఆవు అంతరించిపోయింది.

ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ నిజంగా తెరచాప ఎత్తుతుందా?

ఎత్తదు. కాని అలా అన్నవాడు అరిస్టాటిల్ కావడంతో రెండువేల ఏళ్లకు పైగా ఆ మాట చెల్లుబాటయింది. పలుచని తెల్లని పెంకులో ఉండే ఈ ఆక్టోపస్‌కు రెండు చేతుల చివర వెడల్పాటి పొర ఉంటుంది. దాన్ని గాలికి తెరచాపలా ఎత్తి మిగతా చేతులను తెడ్లుగా వాడుతుందని అరిస్టాటిల్ రాశాడు. బంగారు ఉన్ని కోసం ఆర్గో నౌకలో వెళ్లిన వీరుల పేరు దీనికి వచ్చింది అందుకే. పెంకును ఇది స్వయంగా తయారుచేసుకుంటుందా, మరో జీవి వదిలేసిన పెంకులో కాపురం పెడుతుందా అన్నది ఇంకో చిక్కుముడి.

ఆ ముడి విప్పింది జాన్ విల్‌ప్రో-పవర్ అనే ఫ్రెంచి మహిళ. పారిస్‌లో దుస్తులు కుట్టే వృత్తిలో పేరు తెచ్చుకుని, పెళ్లి తరువాత సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో స్థిరపడింది. చచ్చిన నమూనాలను చూస్తే లాభం లేదని, సముద్రజీవులను ప్రాణాలతో ఉంచి గమనించడానికి 1832లో గాజు తొట్టెలు చేయించింది. అక్వేరియం చరిత్ర ఆమెతోనే మొదలవుతుంది. ఆమె పెంకు ముక్కను విరగ్గొట్టి చూస్తే, ఆర్గోనాట్ ఆ పొరచేతులను పెంకు మీద ఆనించి, వాటి నుంచి ఊరే పదార్థంతో చీలికను పూడ్చుకుంది. తెరచాప అనుకున్నది నిజానికి తాపీ. ఆ పెంకు గుడ్లను మోసుకు తిరిగే ఊయల కూడా. దాన్ని కట్టేది ఆడది మాత్రమే.

మగ ఆర్గోనాట్ కథ ఇంకా విచిత్రమైనది. దాని పొడవు రెండు సెంటీమీటర్లు. ఆడదాని పెంకేమో ముప్పై సెంటీమీటర్ల దాకా పెరగగలదు. జత కట్టేటప్పుడు మగది వీర్యం నింపిన ఒక చేతిని వదిలేస్తే, అది ఆడదాని ఒంట్లో మిగిలిపోయి కదులుతూనే ఉంటుంది. 1829లో మహా శరీరశాస్త్రవేత్త కువియే ఆ చేతిని చూసి కొత్తరకం పరాన్నజీవి పురుగు అనుకుని, దానికి హెక్టోకోటిలస్ అని పేరు కూడా పెట్టాడు. పొరపాటు బయటపడ్డ తరువాత కూడా ఆ పేరు పోలేదు. ఇప్పటికీ మగ ఆక్టోపస్ సంయోగపు చేతిని అలాగే పిలుస్తున్నారు.

లకుముకి పిట్ట సముద్రం మీద గూడు కడుతుందని ఎవరన్నారు?

ఓడ మునిగి చనిపోయిన భర్త సేయిక్స్ కోసం విలపించిన ఆల్సియోని, భర్తతో పాటు లకుముకి పిట్టగా మారిందని, ఆమె పొదిగే ఏడు రోజులూ సముద్రం నిశ్చలంగా ఉంటుందని రోమన్ కవి ఓవిడ్ చెప్పాడు. శీతకాలపు అయనాంతానికి ముందు ఏడు రోజులు, తరువాత ఏడు రోజులు ప్రశాంతంగా ఉంటాయని అరిస్టాటిల్ అంతకు మునుపే రాశాడు. వాస్తవంలో ఈ పిట్టలు నీటి ఒడ్డున మట్టి గట్టులో పొడవైన బొరియ తవ్వి గుడ్లు పెడతాయి. కక్కిన చేప ముళ్లు ఆ బొరియ చివర పరుచుకుని ఉంటాయి, వాసన సంగతి చెప్పనక్కరలేదు. హాల్సియన్, సేయిక్స్ అనే రెండు పేర్లూ నేడు లకుముకి ప్రజాతుల పేర్లు. ఆ విధంగా దంపతులిద్దరూ జంతుశాస్త్ర పట్టికలో ఒకే కుటుంబంలో ఉన్నారు.

నాటకకర్త ఈస్కిలస్ నెత్తిన తాబేలు పడి చనిపోయాడా?

సిసిలీలోని గేలా నగరంలో క్రీ.పూ. 456 ప్రాంతంలో అతడు మరణించాడన్నది చరిత్ర. డేగ ఒకటి అతని బట్టతలను బండరాయి అనుకుని, పెంకు పగలగొట్టడానికి తాబేలును జారవిడిచిందన్నది కథ. దీన్ని రాసిన రోమన్ రచయితలు వలీరియస్ మాక్సిమస్, ప్లీనీ ఇద్దరూ అతనికి ఐదు వందల ఏళ్ల తరువాతివారు. మనిషి తల సంగతి ఎలా ఉన్నా పక్షి పని మాత్రం కల్పన కాదు. గ్రీసు ప్రాంతంలో బంగారు డేగలు తాబేళ్లను ఎత్తుకుపోయి రాళ్ల మీద పడేస్తాయి, గడ్డపు రాబందులు ఎముకలను అలాగే పగలగొడతాయి. నాకు ఈ మరణం కంటే అతని సమాధి మీది పద్యమే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. విషాదనాటకానికి రూపురేఖలు దిద్దిన ఆ మనిషి సమాధి పద్యంలో నాటకాల ప్రసక్తే లేదు. మారథాన్‌లో పారసీకులతో పోరాడిన సంగతి మాత్రమే ఉంది.

కాఫ్కా 'రూపాంతరం'లో గ్రెగర్ సాంసా బొద్దింకగా మారాడా?

నిద్రలేచేసరికి పురుగుగా మారిపోయిన గ్రెగర్ కథ అది, కాని కాఫ్కా ఎక్కడా బొద్దింక అనలేదు. అతడు వాడిన జర్మన్ మాట ఉంగెట్సీఫర్. అది ఒక ఫలానా జీవి పేరు కాదు, మన 'పురుగూ పుట్రా' వంటి మాట, కొంత ఏవగింపు కూడా కలిసినది. 1915లో పుస్తకం అచ్చుకు వెళుతున్నప్పుడు ముఖచిత్రంగా ఆ పురుగును వేస్తారేమోనన్న భయంతో, దాన్ని దూరం నుంచి కూడా చూపించవద్దని అతడు ప్రచురణకర్తకు లేఖ రాశాడు. చివరికి ముఖచిత్రంపై అచ్చయింది, తెరిచిన తలుపు ముందు రెండు చేతులతో ముఖం కప్పుకున్న ఒక మనిషి.

ఈ విషయంలో తీర్పు చెప్పే అర్హత నవలాకారులలో ఒకరికి నిజంగానే ఉండేది. వ్లదీమీర్ నబకోవ్ 1940లలో హార్వర్డ్ జంతుశాస్త్ర మ్యూజియంలో సీతాకోకచిలుకలపై పనిచేశాడు. గ్రెగర్‌ది కుంభాకారపు వీపు, గట్టి పెంకు కనుక అతడు బొద్దింక కాదు, పెంకుపురుగు అని నబకోవ్ పాఠాలలో చెప్పేవాడు. పెంకుపురుగుకు వీపు తొడుగు కింద రెక్కలు ఉంటాయి; తనకు రెక్కలున్నాయని గ్రెగర్ ఎన్నడూ తెలుసుకోలేదు అని కూడా అన్నాడు. అమెరికా ఖండంలోని నీలి సీతాకోకచిలుకల పూర్వీకులు ఆసియా నుంచి బేరింగ్ జలసంధి మార్గాన విడతలు విడతలుగా వచ్చాయని 1945లో అతడు చేసిన ప్రతిపాదనను ఆనాడు పట్టించుకున్నవారు తక్కువ. 2011లో డీఎన్ఏ పరీక్షలు అతడు చెప్పిందే నిజమని తేల్చాయి.

బైరన్ కళాశాలలో ఎలుగుబంటిని పెంచాడా?

ఆంగ్ల కవి బైరన్ పెంచాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల నిబంధనలు కుక్కలను వద్దన్నాయి, ఎలుగుబంట్ల ఊసెత్తలేదు. దాన్ని ఏం చేస్తావని అడిగినవారికి, ఫెలోషిప్ పరీక్షకు కూర్చోబెడతానని జవాబిచ్చినట్లు 1807 నాటి లేఖలో అతడే రాశాడు. రచయితల పెంపుడు జంతువుల్లో సాహిత్యంపై ముద్ర వేసింది డికెన్స్ పెంచిన గ్రిప్ అనే మాటలాడే పెద్ద నల్లకాకి. అది 'బార్నబీ రజ్' నవలలో పాత్ర అయింది. ఆ నవలను సమీక్షించిన ఎడ్గార్ అలెన్ పో, కాకిని కథలో ఇంకా బాగా వాడుకోవలసిందని అభిప్రాయపడి, 1845లో తన ప్రసిద్ధ కాకి కవితను వెలువరించాడు. గ్రిప్ కళేబరం నేటికీ ఫిలడెల్ఫియా గ్రంథాలయంలో గాజుపెట్టెలో ఉంది. స్టైన్‌బెక్ కుక్కపిల్ల దీనికి విరుద్ధమైన సేవ చేసింది: 1936లో 'ఆఫ్ మైస్ అండ్ మెన్' రాతప్రతిని చింపిపోగులు పెట్టి, రెండు నెలల పనిని మట్టిపాలు చేసింది.

నిప్పుకోడి ఇసుకలో తల దూర్చుతుందా? హంస చనిపోయే ముందు పాడుతుందా?

రెండూ లేవు. పొదలో మెడ దూర్చి ఒళ్లంతా దాగిందనుకుంటుందని ప్లీనీ నిప్పుకోడిని ఎగతాళి చేశాడు. నేలలో తవ్విన గుంటలోని గుడ్లను ముక్కుతో తిప్పడం చూసినవారికి తల పాతేసినట్లు కనిపించి ఉండవచ్చు. హంస పాటను మాత్రం అదే ప్లీనీ, పరిశీలనకు నిలవని మాట అని కొట్టిపారేశాడు.

ఆర్గస్ అంటే ఎవరు?

ముగ్గురున్నారు, అందుకే ఈ గందరగోళం. ఒకడు ఆర్గో నౌకను కట్టిన శిల్పి. ఇంకొకడు ఒంటినిండా కళ్లున్న కావలివాడు. హెర్మిస్ దేవుడు అతన్ని చంపాక దేవతల రాణి హీరా ఆ కళ్లను నెమలి పింఛానికి అతికించిందని ఓవిడ్ కథ. మూడవది ఒడిస్యూస్ పెంచిన కుక్క. యజమాని ఇరవై ఏళ్ల తరువాత బిచ్చగాడి వేషంలో వచ్చేసరికి, అది వాకిట పేడకుప్ప మీద గోమార్లు పట్టి పడి ఉంటుంది. మనుషులెవరూ పోల్చుకోలేని అతన్ని గుర్తుపట్టి, తోక ఆడించి చెవులు వాల్చుతుంది. దగ్గరకు రావడానికి మాత్రం దానికి శక్తి లేదు. వేషం బయటపడుతుందని అతడూ దాని దగ్గరకు వెళ్లలేడు. పక్కనున్న పందులకాపరి చూడకుండా కన్నీరు తుడుచుకుని, ఇది ఎవరి కుక్క అని అడుగుతాడు. కాపరి గుమ్మం దాటి లోపలికి వెళ్లాక ఆ కుక్క ప్రాణం విడుస్తుంది.